మంచునేలకు వసంతము నిచ్చిన క్లూసియస్

ధనుర్మాసమున తెలుగునాట పూలకు కొదవ యుండదు. ముంగిటి గొబ్బెమ్మల తలలపై బంతిపూలును గుమ్మడిపూలును నిలుచును. పెరటిలో చేమంతి విరియబూయును. తెలుగువారికి చలికాలము పూలకాలమే. ఐరోపాఖండపు ఉత్తరభూములలో అట్లు కాదు. అచ్చట ఆకులు రాల్చిన చెట్లు ఎండుకట్టెలవలె నిలిచియుండును. నేల గడ్డకట్టును. సాయంకాలము నాలుగున్నరకే పొద్దు గ్రుంకును. నెలల తరబడి తోటలో కంటికి రంగన్నది కానరాదు. పదునాఱవ శతాబ్ది నడుమ వఱకును ఆ భూములలోని తోటలు చలికాలము కడపటను, వసంతారంభమునను వయొలెట్, ప్రిమ్‌రోజ్ వంటి కొలదిపాటి నాటుపూలతోనే తృప్తిపడవలసి యుండెను.

నేడు ఆ తోటలలో మంచు పూర్తిగా కరగకమునుపే క్రోకస్ పూలు పసుపువన్నెతోను ఊదావన్నెతోను నేలను కప్పును. పిమ్మట హయసింతులు, నార్సిసస్సులు, వాని వెంట తులిప్పులు ఒకదాని తరువాత నొకటి విచ్చి, మే నెల వఱకు తోటకు రంగు తఱుగనీయవు. ఈ మార్పు ఒక్క మనుజుని వలన వచ్చినది కాదు. తురుష్క దేశపు తోటమాలులు, రాయబారులు, వర్తకులు, వైద్యులు, సంతలో వేరులమ్ముకొను పేదస్త్రీలు ఇందులో పాలుపంచుకొనిరి. అయినను వీరందఱి చేతుల మీదుగా వచ్చిన మొక్కలను ఎంచి, పెంచి, పేరిడి, వర్ణించి, పదిమందికి పంచిపెట్టిన పండితుడొకడు కలడు. అతడే క్లూసియస్.

అతని అసలు పేరు షార్ల్ ద లెక్లూజ్. నాటి పండితుల యాచారము ననుసరించి పేరును లాటినులోనికి మార్చుకొని క్లూసియస్ అయ్యెను. 1526 ఫిబ్రవరి 19వ తేదీన అరాస్ పట్టణమున జన్మించెను. నేడు ఫ్రాన్సులో నున్న ఆ పట్టణము నాడు హాబ్స్‌బర్గ్ ప్రభువుల యేలుబడిలోని నెదర్లాండ్సునకు చేరియుండెను. తండ్రి కొలదిపాటి భూవసతి గలవాడు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి పదవిలో నిలువవలెనని యాతని కోరిక. క్లూసియస్ ఘెంట్ నగరమున లాటినును గ్రీకును నేర్చి, లూవేన్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి 1548లో పట్టము పొందెను. తండ్రి కోరిన బాట అంతవఱకే సాగెను.

ఆ కాలమున ఐరోపా మతకలహములతో అట్టుడికినట్లు ఉడుకుచుండెను. లూథరు బోధించిన సంస్కరణమతము వైపు క్లూసియస్ మనస్సు మొగ్గెను. అతడు మార్బుర్గునకును, 1549లో విట్టెన్‌బెర్గునకును పోయి, లూథరు సహచరుడగు మెలాంక్థన్ సన్నిధిని కొంతకాలము గడపెను. అచ్చట న్యాయశాస్త్రము మీది యాసక్తి సన్నగిల్లి, వైద్యము మీదికి మనస్సు మఱలెను. నాటి వైద్యమునకు మొక్కలే మూలము. కావున వైద్యము నేర్వగోరువాడు మొక్కలను గుర్తింప నేర్వవలసినదే. క్లూసియస్ మొక్కల కొఱకు వైద్యమున ప్రవేశించెనో, వైద్యము కొఱకు మొక్కలను చేరెనో చెప్పుట కష్టము. చదువు ముగిసిన పిమ్మట మాత్రము వైద్యవృత్తి చేపట్టలేదు. మొక్కలను విడువనూ లేదు.

1551లో అతడు ఫ్రాన్సు దక్షిణమున నున్న మోంపెలియే చేరెను. అచ్చటి వైద్యాచార్యుడు రొందెలే గొప్ప ప్రకృతి శాస్త్రజ్ఞుడు. క్లూసియస్ ఆతని యింటనే యుండి, చేపలను గూర్చి ఆతడు వ్రాయుచున్న మహాగ్రంథమునకు సహాయపడెను. పాతగ్రంథములలో నేమి వ్రాసియున్నదో వల్లించుట కంటె, కన్నులారా చూచి, చేతితో తాకి, చూచినది చూచినట్లు వ్రాయుట మేలని గురువు వద్ద నేర్చెను. శిష్యులను వెంటబెట్టుకొని గురువు కొండలకును సముద్రతీరమునకును పోవుచుండెను. మధ్యధరా సముద్రపు టొడ్డున చలికాలమున సైతము పూచెడి మొక్కలను ఆ యుత్తరదేశపు విద్యార్థి అచ్చట కన్నులార చూచెను.

క్లూసియస్‌కు భాషలు సులభముగా పట్టుబడుచుండెను. లాటిను, గ్రీకు, ఫ్రెంచి, ఫ్లెమిష్, జర్మను, స్పానిషు, ఇటాలియను, పోర్చుగీసు భాషలు అతనికి తెలియును. అందువలన అతని తొలి కీర్తి అనువాదకుడుగా వచ్చినది. డోడోయెన్స్ అను వైద్యుడు ఫ్లెమిష్ భాషలో వ్రాసిన మూలికాగ్రంథమును 1557లో ఫ్రెంచిలోనికి తెచ్చెను. మాతృకలోని పొరపాట్లను దిద్దుచు, తాను చూచిన సంగతులను చేర్చుచు సాగిన యనువాదమది.

1564లో అతడు జర్మనీలోని ధనికవర్తకులగు ఫుగ్గర్ వంశపు యువకునికి తోడుగా స్పెయిను, పోర్చుగల్ దేశములకు పయనమయ్యెను. యువకునికి లోకజ్ఞానము కలిగించుట అతని పని. దానితో పాటు తన పని కూడ చేసికొనెను. త్రోవపొడుగునను గుఱ్ఱము దిగి మొక్కలు ఏరెను. ఒకచోట గుఱ్ఱముతో కూడ పడి చేయి విఱుగగొట్టుకొనెను. అయినను ఏరుట మానలేదు. అంతకుముందు గ్రంథములలో లేని మొక్కలు రెండువందల వఱకు ఆ యాత్రలో అతనికి దొరకెను. వానిని వర్ణించు గ్రంథము 1576లో ఆంట్వెర్ప్ నగరమున క్రిస్టోఫర్ ప్లాంటిన్ ముద్రాలయము నుండి వెలువడెను.

ఆ యాత్రలోనే భారతదేశముతో అతనికి సంబంధ మేర్పడెను. గార్సియా ద ఓర్తా అను పోర్చుగీసు వైద్యుడు 1534లో భారతదేశమునకు వచ్చి, గోవాలో స్థిరపడి, ఇచ్చటి ఓషధులను సుగంధద్రవ్యములను గూర్చి సంభాషణరూపమున ఒక గ్రంథము వ్రాసి, 1563లో గోవాలోనే అచ్చొత్తించెను. మిరియాలు, అల్లము, పసుపు, తమలపాకు, మామిడి, పనస మున్నగు వానిని గూర్చి స్వయముగా చూచి వ్రాసిన పొత్తమది. క్లూసియస్‌కు పోర్చుగల్‌లో ఆ గ్రంథము కంటబడెను. అతడు దాని విలువ నెఱిగి, సంభాషణలను తొలగించి, సంగతులను క్రోడీకరించి, లాటినులో సంగ్రహముగా వ్రాసి 1567లో ప్రకటించెను. ఓర్తా 1568లో మరణించెను. యూదువంశీయుడన్న కారణమున 1580లో గోవా మతవిచారణ సభవారు ఆతని అస్థికలను త్రవ్వించి తగులబెట్టించిరి. మూలగ్రంథపు ప్రతులు అరుదయ్యెను. లాటిను సంగ్రహము మాత్రము పలుమారులు ముద్రితమై ఐరోపా అంతటను చదువబడెను. భారతదేశపు మొక్కల విద్య ఆ పండితలోకమునకు చేరుటకు క్లూసియస్ లేఖిని ముఖ్యమైన వంతెన యయ్యెను.

ఆ కాలముననే తులిప్పు ఐరోపాలో కాలుమోపుచుండెను. మధ్యాసియా కొండలలో పుట్టి, తురుష్కుల తోటలలో తరతరములుగా సాకబడిన పూవది. 1562లో కాన్‌స్టాంటినోపుల్ నుండి ఆంట్వెర్ప్ వర్తకునికి వచ్చిన బట్టల మూటలలో కొన్ని గడ్డలు దొరకెను. వర్తకుడు అవి యొకజాతి ఉల్లిగడ్డలనుకొని, కొన్నింటిని నిప్పులపై కాల్చి నూనెతోను సిర్కాతోను తినెను. మిగిలినవానిని కూరతోటలో క్యాబేజీల నడుమ పాతిపెట్టించెను. పట్టించుకొనువారు లేక అందు పెక్కు నశించెను. మొక్కలయందు ప్రీతిగల మెహెలెన్ వర్తకుడొకడు కొన్నింటిని కాపాడెను. ఈ వృత్తాంతమును క్లూసియస్ తన గ్రంథమున వ్రాసి నిలిపెను. అతడును తులిప్పుగడ్డలను చక్కెరపాకమున ఊరవేయించి రుచి చూచినవాడే. ఔషధగుణముల కొఱకు మొక్కలను వెదకు కాలమునకును, అందము కొఱకు మొక్కలను పెంచు కాలమునకును నడిమి వంతెనపై నిలిచినవాడు కనుక, ఏ మొక్క యెందుకు పనికివచ్చునో పరీక్షింపక విడువలేదు.

1573లో చక్రవర్తి రెండవ మాక్సిమిలియన్ పిలుపు మీద క్లూసియస్ వియన్నా నగరమునకు పోయెను. రాజోద్యానమును తీర్చిదిద్దుట అతనికి అప్పగింపబడిన పని. వయస్సు 47 ఏండ్లు. ఆ నగరము తురుష్క సామ్రాజ్యపు సరిహద్దునకు చేరువ. కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తికి రాయబారియై యుండిన బుస్‌బెక్ తాను తెచ్చిన విత్తనములను గడ్డలను అతని కిచ్చెను. తులిప్పు విత్తనములు కొంతకాలము నిలువయుండి పాతబడెను. మొలచునో మొలవవోయని సందేహించుచునే అతడు 1575లో విత్తెను. అవి మొలచెను. కొన్నేండ్లకు ఎఱుపు, పసుపు, తెలుపు, ఊదా, కలగలుపు వన్నెలతో పూచెను.

ఈ మొక్కల పెంపకమున క్లూసియస్ ఓర్పు ఎట్టిదో తెలియవలెనన్న తులిప్పు స్వభావము తెలియవలెను. విత్తనము నుండి పూవు రావలెనన్న అయిదు మొదలు ఏడేండ్లు పట్టును. అంతకాలము ఏటికొక్క ఆకు, రెండాకులు తప్ప మఱేమియు కానరాదు. అట్లు వచ్చిన పూవు తల్లిపూవును పోలియుండునను నమ్మకము లేదు. తల్లివన్నెయే కావలెనన్న గడ్డ ప్రక్కన పుట్టు పిల్లగడ్డలను విడదీసి నాటవలెను. క్రొత్తవన్నెలు కావలెనన్న విత్తనములు చల్లి ఏండ్ల తరబడి వేచియుండవలెను. నలుబది యేడవయేట ఆ తోటలో అడుగిడినవాడు, తాను చల్లినవాని పూలను చూతునన్న ధైర్యముతో విత్తెను.

ఈ గడ్డలకు చలి శత్రువు కాదు, మిత్రుడు. వేసవి కడపటికే గడ్డలోపల పూమొగ్గ సూక్ష్మరూపమున సిద్ధమగును. శరదృతువున నేలలో పాతగా వేళ్లు దిగును. పిమ్మట మూడు నెలల చలి తగిలిననే గాని కాడ సాగదు. చలి గడచి ఎండ తగులగానే, గడ్డలో కూడియున్న ఆహారముతో ఆకులును పూవును ఒక్కసారిగా పైకి వచ్చును. పూవు వాడిన తరువాత ఆకులను కోయరాదు. అవి పండి ఎండువఱకు మఱుసటియేటి గడ్డకు ఆహారమును కూర్చుచుండును. ఆకులెండిన పిమ్మట గడ్డలను త్రవ్వి, నీడలో ఆరబెట్టి, మఱల శరత్తున నాటవలెను. తెలుగునాటి మైదానములలో తులిప్పు నిలువకుండుటకు కారణ మిదియే. ఎండ యెక్కువ యగుట కాదు, చలి చాలకుండుట.

తులిప్పులన్నియు ఒకేమాఱు పూయవని గమనించి క్లూసియస్ వానిని మూడు తెగలుగా విభజించెను. ముందు పూచునవి, వెనుక పూచునవి, ఈ రెంటి నడుమ పూచునవి. ఇది పండితుని వర్గీకరణము మాత్రమే కాదు. తోటపెంచువానికి గొప్ప మేలు చేసిన విభజన. మూడు తెగలను ఎంచి నాటినవాని తోటలో వారములకు బదులు నెలలపాటు పూలు నిలుచును. ఇతర జాతులను కూడ అతడు ఇట్లే కాలక్రమమున చూచెను. నడిచలిలో తెల్లగా పూయు హెలెబోర్, మంచులోనుండి తలవంచుకొని వచ్చు స్నోడ్రాప్, కుంకుమపువ్వునకు జ్ఞాతియగు క్రోకస్, ఉర్దూకవులు నర్గిస్ అని పిలుచు నార్సిసస్, పరిమళించు హయసింత్, నారింజవన్నె గంటలను కిరీటమువలె తలదాల్చిన ఫ్రిటిలేరియా, అనెమొనీ, ఐరిస్ మున్నగు వానినెల్ల అతడు పెంచియో, పరిశీలించియో వర్ణించెను. చలికాలమునుండి గ్రీష్మారంభము వఱకు ఒక రంగు ఆఱిపోకమునుపే మఱియొక రంగు వెలుగునట్లు తోటను కూర్చు విద్యకు కావలసిన సామగ్రి యంతయు ఆ గ్రంథములలో చేరెను.

పూలే కాదు, చలికాలపు పచ్చదనమును అతనికి అపురూపమే. 1576లో కాన్‌స్టాంటినోపుల్‌లోని రాయబారి ఉంగ్‌నాడ్ పంపిన మొక్కలలో హార్స్ చెస్ట్‌నట్ అను నీడచెట్టును, చెఱ్ఱీ లారెల్ అను నిత్యహరితపు పొదయు నుండెను. చెఱ్ఱీ లారెల్ శీతకాలపు ప్రయాణమున దెబ్బతిని, చచ్చినదో బ్రతికినదో తెలియని స్థితిలో వియన్నా చేరెను. క్లూసియస్ దానిని పసిబిడ్డవలె సాకెను. అది మఱల చిగిర్చెను. చిగిర్చిన కొమ్మలను అంటుకట్టి మిత్రులకు పంపెను. నేడు ఐరోపాలో ఊరూర కంచెగా పెరుగు చెఱ్ఱీ లారెల్ కథలో ఇది యొక తొలి యధ్యాయము.

దూరదేశపు మొక్కలతో తృప్తిపడక, అతడు ఆస్ట్రియా, హంగేరీ కొండలనెక్కి వెదకెను. అంతవఱకు పండితులు తొక్కని శిఖరములనెక్కి, మంచు కరగిన చోట పూచు చిన్నమొక్కలను పెకలించి తెచ్చి పల్లపుతోటలో నాటెను. అందు పెక్కు బ్రతుకలేదు. బ్రతికినవానిలో ఆరిక్యులా యను కొండప్రిమ్‌రోజ్ ఒకటి. అది తరువాత శతాబ్దములలో ఐరోపా వాసుల ముద్దుపూవయ్యెను. పండితులను మాత్రమే కాక, సంతలో మూలికలమ్ముకొను స్త్రీలను, పల్లెవాసులను కూడ అతడు వినయముతో ప్రశ్నించి తెలిసికొనెను. మొక్కలకు జర్మను, హంగేరియన్ భాషలలో జనులు వాడు పేర్లను గ్రంథస్థము చేసెను. ఆస్ట్రియా, హంగేరీ మొక్కలను వర్ణించు గ్రంథము 1583లో వెలువడెను.

కాని రాజాశ్రయము నిలుకడ లేనిది. 1576లో మాక్సిమిలియన్ మరణించెను. సింహాసన మెక్కిన రెండవ రుడాల్ఫ్ కాలమున సంస్కరణమతస్థులకు ఆస్థానమున చోటు లేకపోయెను. క్లూసియస్ కొలువు పోయెను. రావలసిన జీతము సైతము సరిగా చేతికందలేదు. అంతకుముందే స్వదేశమున మతకలహములు అతని వంశమును కబళించియుండెను. బంధువొకడు మతము కొఱకు మంటలలో ప్రాణము విడిచెను. తండ్రి ఆస్తి జప్తయ్యెను. క్లూసియస్ వివాహము చేసికొనలేదు. సొంత యిల్లు లేదు. పరులయిండ్ల వసించుచు, స్నేహితుల తోటలలో తన మొక్కలను పెంచుచు, పదునైదేండ్లు వియన్నాలో గడపి 1588లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు తరలిపోయెను.

ఇట్టి యస్థిరజీవితమున అతనికి స్థిరమైన యాస్తి యేదనగా స్నేహితులే. వారు ఐరోపా నలుమూలల నుండిరి. రాజులు, రాణివాసపు స్త్రీలు, వైద్యులు, వర్తకులు, తోటమాలులు అతనికి జాబులు వ్రాయుచుండిరి. ఆ జాబులలో వెయ్యికి పైగా నేటికిని లైడెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. జాబుల వెంట విత్తనముల పొట్లములు, గడ్డల మూటలు, పూల చిత్రములు వచ్చుచు పోవుచు నుండెను. ఈ యిచ్చిపుచ్చుకొనుటలో ధనమునకు చోటు లేదు. ఇచ్చినవాడు ఇచ్చితినన్న తృప్తి పొందును. పుచ్చుకొన్నవాడు తనకు పండినపుడు మఱల పంపును. ఒకరి తోటలో చలికి చచ్చిన మొక్క మఱియొకరి తోటలో బ్రతికియుండును. కావున పంచుకొనుటయే మొక్కకు రక్షణ. 1588లో అతనికి రెండు బంగాళాదుంపలు చేరినవి. పంపినవాడు మాన్స్ నగరాధికారి ఫిలిప్ ద సివ్రీ. వానిని పెంచి జర్మనీలోని మిత్రులకు పంచియిచ్చెను. ఐరోపా ఆహారమును మార్చిన ఆ దుంపను 1601లో వివరముగా వర్ణించినదియు అతడే.

వృద్ధాప్యమున అతనికి మఱియొక పిలుపు వచ్చెను. స్పెయిను రాజుపై తిరుగుబాటు చేసి నిలిచిన హాలండులో, లైడెన్ నగరమున 1575లో విశ్వవిద్యాలయము స్థాపింపబడియుండెను. 1590లో దానికొక ఉద్యానమునకై స్థలము కేటాయింపబడెను. ఆ యుద్యానమునకు అధిపతిగా క్లూసియస్‌ను రప్పింపవలెనని, మరీ ద బ్రిమ్యూ అను రాజవంశపు స్త్రీ పట్టుదలతో ప్రయత్నించెను. ఆమెయు గొప్ప తోటప్రియురాలు. తుంటి కీలు తొలగి చంకకఱ్ఱల మీద నడచుచున్న ఆ వృద్ధుడు 67వ యేట, 1593 అక్టోబరు నెలలో, తన గడ్డలతో విత్తనములతో లైడెన్ చేరెను. పాఠములు చెప్పు భారము లేకుండ విశ్వవిద్యాలయము అతనిని మన్నించెను. త్రవ్వు పని, నాటు పని క్లౌట్ అను మందులకొట్టు యజమాని చూచుకొనెను.

ఉద్యానము పెద్దది కాదు. సుమారు 35 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. నాలుగు భాగములుగా విభజించి, సన్నని మళ్లుగా తీర్చి, ప్రతి మడిలోను చిన్నచిన్న గళ్లు ఏర్పఱచిరి. 1594లో ఆ చోటున వెయ్యికి పైగా జాతులు నాటబడియుండెను. నాటి విశ్వవిద్యాలయోద్యానములు వైద్యవిద్యార్థుల కొఱకు ఔషధముల తోటలుగా నుండెడివి. క్లూసియస్ తోటలో ఔషధములతో పాటు, ఏ రోగమునకును పనికిరాని పూలు కూడ పెక్కు చోటు చేసికొనెను. అందమును జ్ఞానమును వేఱువేఱు గళ్లలో నాటవలసిన పని లేదని ఆ తోట చెప్పకయే చెప్పెను. ఆ యేటి వసంతమున అతని తులిప్పులు లైడెన్‌లో పూచెను. సముద్రపుటిసుకతో కూడిన హాలండు నేలయు, అచ్చటి దీర్ఘమైన చలియు ఆ గడ్డలకు పుట్టినింటివలె సరిపడెను.

ఆ పూచుటయే అతని దుఃఖమునకును కారణమయ్యెను. తులిప్పు ధనవంతుల కోరికగా మాఱుచుండెను. ఎన్నడును మొక్కలు పెంచియెఱుగనివారు సైతము అతనికి జాబులు వ్రాసి గడ్డలు కోరుచుండిరి. వాని నమ్మి ధనము గడించుటకు బయలుదేరినవారును ఉండిరి. 1596లోను 1598లోను అతని తోటలో దొంగలు పడి గడ్డలను త్రవ్వుకొని పోయిరి. వియన్నాలో సైతము అతడు ఇట్టి నష్టము పొందియుండెను. ఏండ్ల తరబడి వేచి, విత్తనము నుండి సాకి, ఏ గడ్డ యే పూవు నిచ్చునో ఒక్కొక్కదానికి గుర్తుంచుకొన్న వృద్ధుడు ఒకనాటి యుదయమున బోసియైన మడి యెదుట నిలువవలసి వచ్చెను. ఆ దొంగలు ఎత్తుకొనిపోయినది గడ్డలను మాత్రమే కాదు, ఏండ్లను. తోటపెంపకమే మానివేయుదునన్నంత నిస్పృహ ఆ కాలపు జాబులలో కానవచ్చును. అయినను మానలేదు.

అతని గూర్చి లోకమున ఒక కథ వ్యాపించినది. క్లూసియస్ లోభియనియు, ఎంత వెల యిచ్చినను గడ్డలు అమ్మలేదనియు, అందువలననే దొంగలు వానిని అపహరింపగా హాలండులో తులిప్పు వ్యాపించినదనియు ఆ కథ. జాబులను పరిశీలించినవారికి ఇది నిజము కాదని తేలినది. అతడు అమ్మలేదనుట నిజమే. ఇచ్చుచుండెను కనుక అమ్మవలసిన పని లేకపోయెను. అతని రాకకు ముందే హాలండులో అతని మిత్రుల తోటలలో తులిప్పులుండెను. వానిలో కొన్ని అతడు పంపినవే. దానము చేయువానికి బజారు వాడు లోభియని పేరుపెట్టుట ఈ లోకమున క్రొత్త కాదు.

తులిప్పును గూర్చి అతడు గమనించిన సంగతి యొకటి శాస్త్రచరిత్రలో గణింపదగినది. ఒకేవన్నె గల పూవు ఒక యేడాది హఠాత్తుగా చారలతోను మంటలవంటి గీతలతోను పూయును. చూపరులు దానిని వేయి రెట్లు మెచ్చుకొందురు. అట్టి గడ్డ క్రమముగా బలహీనపడి చిన్నదగుచు తుదకు నశించుటను క్లూసియస్ చూచెను. చావనున్న మొక్క పెంచినవాని కన్నులను కడసారి అలరించుచున్నదని ఆతడు భావించెను. ఈ చారలకు కారణము ఒక వైరసు అని 1928లో ప్రకటింపబడిన పరిశోధనల వలన తేలెను. అది పేనుబంక ద్వారా మొక్క నుండి మొక్కకు ప్రాకునని పిమ్మట స్థిరపడెను. మూడువందల యేండ్లకు పైగా ముందు, సూక్ష్మదర్శిని లేని కాలమున, రోగమును రోగముగా గుర్తించినది ఓర్పుగల కన్ను.

అతని జీవితకాలపు కృషి యంతయు రెండు మహాగ్రంథములుగా నిలిచినది. అరుదైన మొక్కల చరిత్ర 1601లోను, విదేశవస్తువులను గూర్చిన పది ప్రకరణముల గ్రంథము 1605లోను వెలువడెను. ఓర్తా గ్రంథపు సంగ్రహము ఈ రెండవ దానిలో మఱల చేర్చబడెను. తొలి గ్రంథమున పుట్టగొడుగులకు ప్రత్యేకస్థాన మిచ్చుట కూడ అతని క్రొత్తదనమే. 1609 ఏప్రిల్ 4వ తేదీన, 83వ యేట, లైడెన్‌లో అతడు కన్నుమూసెను. అది వసంతము. అతడు పెంచిన జాతులు పూచెడి కాలము.

అతని మరణమునకు ముప్పది యేండ్లు నిండకమునుపే, 1636-37 చలికాలమున, హాలండులో తులిప్పు వ్యాపారము వెఱ్ఱిగా మాఱెను. నేలలోనున్న గడ్డను చూడకయే కొని, పూవు పూయకమునుపే మఱలనమ్ముకొనిరి. నేర్పరియైన పనివాడు ఏండ్ల తరబడి గడించెడి ధనము ఒక్క గడ్డకు వెలయై నిలిచెను. అన్నింటికంటె ఎక్కువ వెల పలికినవి చారల పూలు, అనగా రోగగ్రస్తమైన గడ్డలు. 1637 ఫిబ్రవరిలో కొనువారు లేక ధరలు కూలెను. క్లూసియస్ అరువదేండ్ల వయస్సు నాటికే ఎఱిగియుండిన సత్యమును వారు సొమ్ము పోగొట్టుకొని తెలిసికొనిరి.

వెఱ్ఱి పోయెను. పూవు మిగిలెను. లైడెన్‌లోని ఆ చిన్నతోట నాటి పట్టికల ననుసరించి మఱల తీర్చబడి చూడవచ్చువారికి నేటికిని కనులపండువుగా నున్నది. ఎఱ్ఱనిచార గల తెల్లని రేకులతో విచ్చు చిన్న తులిప్పు జాతి యొకటి అతని పేరు దాల్చి తులిపా క్లూసియానా అనబడుచున్నది. అది ఇరాన్, ఆఫ్ఘనిస్థాన్‌ల మీదుగా పడమటి హిమాలయముల వఱకు కొండవాలులలో పుట్టిన జాతి. గోవాలో అచ్చయిన గ్రంథమును ఐరోపాకు వినిపించినవాని పేరు, హిమాలయపు వాలున పూచు పూవునకు చేరుట ఒక చక్కని ప్రతిఫలము.

రాజ్యములు లేవు, సంతానము లేదు, ధనము లేదు. కొలువులు పోయినవి, ఎముకలు విఱిగినవి, తోటలు దోచబడినవి. ఏడాదికొక్క ఆకు చొప్పున పెరుగు మొక్క కొఱకు వేచియుండ నేర్చినవాడు కనుక అతడు తన యెదుట పూయని పూల కొఱకు కూడ నాటెను. పాఠశాల పెరటిలో ఒక గడ్డను నాటించు ఉపాధ్యాయుడును, దానికి నీరుపోయు విద్యార్థియు అతని బాటలోనివారే. మొక్క మొదట పూచినపుడు దానిని తన మడిలోనే యుంచుకొనక, ప్రక్కవాని కొక పిలక ఇచ్చుట క్లూసియస్ నేర్పిన విద్యలో కడపటి పాఠము.